ముల్కీ భార్య నుంచి విదేశీ జీవిత భాగస్వామి దాకా: వివాహం, పౌరసత్వం, కాలగణన

నేటి వికారాబాద్ జిల్లాలోని మోమిన్‌పేట్ ఒకప్పుడు నిజాం పాలించిన హైదరాబాద్ రాజ్యంలో భాగం. ఆ రాజ్యంలో స్థానికులెవరన్న ప్రశ్నకు 1919 నాటి ముల్కీ నిబంధనలు సమాధానమిచ్చాయి. బయటినుంచి వచ్చిన పురుషుడు నివాసం ద్వారా ముల్కీ కావాలంటే 15 ఏళ్లు ఇక్కడ స్థిరపడి ఉండాలి. స్వస్థలానికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నట్లు ప్రమాణపత్రం దాఖలు చేయాలి. ముల్కీని వివాహమాడిన స్త్రీకి ఈ నిరీక్షణ లేదు. భార్య కావడమే ఆమె అర్హత. దీన్ని ఔదార్యంగా భావించనక్కరలేదు. భర్త స్థితికి భిన్నమైన స్థితి స్త్రీకి ఉండదన్న నాటి భావనే దీనికి ఆధారం. పైగా ముల్కీ హోదా ప్రధానంగా ఉద్యోగాలకు సంబంధించినదే తప్ప జాతీయతకు కాదు. అయినా వివాహానికీ నిరీక్షణకూ మధ్య సంబంధం ఎలా మారిందో చూడడానికి ఇది అనువైన ఆరంభం.

1955 పౌరసత్వ చట్టంలోని సెక్షన్ 5(1)(సి) మొదట ఈ భావనకు దగ్గరగానే ఉంది. భారత పౌరుణ్ణి వివాహమాడిన, లేదా గతంలో వివాహమాడి ఉన్న స్త్రీ నమోదు ద్వారా పౌరసత్వం కోరవచ్చు. నివాస కాలం షరతు లేదు. 1986 సవరణ 'స్త్రీలు' అన్నచోట 'వ్యక్తులు' అని మార్చి పురుషులకూ దారి తెరిచింది. అదే చేత్తో ఐదేళ్ల నివాసాన్ని చేర్చింది. 2003 సవరణ దాన్ని ఏడేళ్లకు పెంచింది.

ఆ సవరణలో చర్చకు ఎక్కువగా వచ్చేది ఈ ఏడేళ్ల అంకె. అంతకంటే లోతైన మార్పులు రెండున్నాయి. మొదటిది, 'గతంలో వివాహమాడి ఉన్న' అన్న మాట తొలగిపోయింది. దరఖాస్తుకు ముందే భర్త మరణిస్తే ఆ క్లాజు కింద భార్యకు దారి లేదు. రెండవది, 'అక్రమ వలసదారు' నమోదుకు అనర్హులన్న షరతు. సరైన పత్రాలతో వచ్చి, అనుమతించిన గడువు దాటి ఉన్నవారు కూడా ఆ నిర్వచనంలోకి వస్తారు. గడువు దాటడానికి కారణం నిర్లక్ష్యమా, కాగితం ఆలస్యమా అన్న భేదం ఆ నిర్వచనంలో లేదు.

నివాస గణన కూడా కఠినమైనదే. దరఖాస్తుకు ముందరి 12 నెలలు నిరంతరంగా, దానికి ముందరి ఎనిమిదేళ్లలో కనీసం ఆరేళ్లు దేశంలో ఉండాలి. 12 నెలల్లో గరిష్ఠంగా 30 రోజుల విరామాన్ని ప్రత్యేక పరిస్థితుల్లో మన్నించే అధికారాన్ని 2015 సవరణ కేంద్రానికిచ్చింది. పుట్టింట తల్లి మంచం పట్టిన కోడలికి ఆ 30 రోజులు ఏపాటి? నివాస గణన ఎంత దూరం వెళ్లగలదో తెలంగాణకు తెలిసిన ఉదాహరణ వేములవాడ మాజీ శాసనసభ్యులు చెన్నమనేని రమేశ్‌ది. అది వివాహ సంబంధమైనది కాదు, పూర్వ పౌరుల క్లాజుకు చెందినది. వివాదం మాత్రం దరఖాస్తుకు ముందరి 12 నెలల నివాసం మీదే. 2009లో లభించిన పౌరసత్వాన్ని కేంద్రం 2019లో రద్దు చేయగా, హైకోర్టు తీర్పు 2024 డిసెంబరులో వచ్చింది.

అమెరికాలో ఆలస్యం మరో విధంగా పనిచేస్తుంది. అక్కడి పౌరుల జీవిత భాగస్వామికి మూడేళ్ల గణన పెళ్లినాటి నుంచి కాక గ్రీన్‌కార్డు వచ్చిన నాటి నుంచి మొదలవుతుంది. అంటే కాగితం ఆలస్యమైతే గణన ఆరంభమే వెనక్కి జరుగుతుంది. భారతదేశంలో అదే ఆలస్యం నడుస్తున్న గణననే తెంచే ప్రమాదముంది.

మోమిన్‌పేట్ కోడలి దరఖాస్తు చేరవలసింది వికారాబాద్ కలెక్టరుకు. 2016 అక్టోబరు 11న జిల్లా ఏర్పడక ముందు రంగారెడ్డి కలెక్టరుకు. కలెక్టరు 60 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వానికి, రాష్ట్రం 30 రోజుల్లో కేంద్రానికి పంపాలి. ఈ గడువులు దాటినంత మాత్రాన పౌరసత్వం దానంతటదే సంక్రమించదు. సెక్షన్ 14 ప్రకారం తిరస్కరణకు కారణాలు చెప్పనక్కరలేదు కూడా. దరఖాస్తు అంగీకారమైనా, పాత పౌరసత్వాన్ని వదులుకున్నట్లు రుజువు చూపాకే ధ్రువపత్రం చేతికి వస్తుంది. ఆ రెంటి మధ్య గడిచే రోజుల్లో ఆమె ఏ దేశ పౌరురాలూ కాదు.