ఇచ్చిపుచ్చుకొన్న పాట

సంగీత చరిత్ర యనగానే మనకు స్ఫురించునవి వాగ్గేయకారుల పేర్లు, రాజాస్థానములు, దేవాలయ మంటపములు. పాడినవారి చరిత్రను పెద్దలు వ్రాసిరి. విన్నవారి చరిత్రను వ్రాసినవారు మాత్రము అరుదు. ఒక గృహస్థు తన జీతములో కొంత మిగిల్చి కొన్న రికార్డు ప్రక్కయింటికి పోయి, అచ్చటినుండి మఱియొక వీథికి పోయి, పదిమంది చెవులను పావనము చేసి తిరిగి వచ్చుట కూడ చరిత్రయే. ఉద్యోగ విరమణానంతరము ప్రోతరాపూర్‌లోనే కాపురముంటున్న ఈ వ్యాసకర్త, తన కున్న కొలది పరిచయముతో ఆ చరిత్రను సోదర ఉద్యోగుల ముందును, వారి కుటుంబముల ముందును ఉంచుటకు సాహసించుచున్నాడు.

ధ్వనిని పట్టి నిలుపు యంత్రమును ఎడిసన్ మహాశయుడు 1877లో కనిపెట్టెను. ఆయన వాడినది గుండ్రని గొట్టము. పదేండ్లకు, అనగా 1887లో, బెర్లినర్ అను నాతడు పళ్లెము వంటి రికార్డును రూపొందించెను. ఒక అచ్చునుండి వేల ప్రతులు తీయుటకు ఈ పళ్లెము వీలైనది. లండనులో 1898లో గ్రామఫోను కంపెనీ వెలసినది. ఆ కంపెనీ పక్షమున గైస్‌బర్గ్ అను నిపుణుడు 1902లో కలకత్తా వచ్చి మన దేశపు గాయనీగాయకుల గొంతులను ముద్రించెను. వారిలో ప్రసిద్ధురాలు గౌహర్‌జాన్. ఆమె పాట చివర తన పేరును తానే ఇంగ్లీషులో చెప్పుకొనెడిది. ఆ ముద్రలు జర్మనీలోని హానోవరునకు పోయి అచ్చట ప్రతులుగా తయారగుచుండెను గనుక, అచ్చటి పనివారికి ఏ పాట ఎవరిదో తెలియుటకు ఆ ఏర్పాటు. 1908లో కలకత్తాలోని సియాల్దాలోను, తరువాత దమ్‌దమ్‌లోను కర్మాగారములు వెలసిన పిమ్మట రికార్డు మన దేశపు వస్తువే అయినది.

ఆ నల్లని పళ్లెమునకు ప్రాణము లక్క. పలాశము, రేగు, కుసుమ వృక్షముల కొమ్మలపై చిన్న పురుగులు పెట్టు జిగురు అది. మన దేశమున దానికి పుట్టినిల్లు ఛోటానాగపూర్ అడవులు. ఆ అడవుల బిడ్డలే ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఈ దీవులకు అడవిపనికై వచ్చి, నేడు మన ఇరుగుపొరుగున రాంచీవారుగా పిలువబడుచున్నారు. భారతములోని లక్కయిల్లు పాండవులను దహించుటకు కట్టబడినది. ఈ లక్క పళ్లెమో, పోయినవారి గొంతును మనకు మిగిల్చినది.

పది అంగుళముల రికార్డు నిమిషమునకు సుమారు 78 చుట్లు తిరుగును. ఒక్కొక్క వైపున పట్టునది మూడు నిమిషములకు కొంచెము హెచ్చు. అరగంట సేపు సాగు రాగాలాపన అందులో ఇముడదు. కృతిని పాడువారు సంగతులను కుదించుకొనవలసి వచ్చెను. మన నాటకపద్యమునకు మాత్రము ఆ కొలత సరిగా అమరినది. నాలుగు పాదములు, వాని చివర ఒక దీర్ఘమైన రాగము, మొదట హార్మోనియముపై చిన్న యెత్తుగడ. వెరసి ఒక వైపు నిండును. అందుచేతనే కపిలవాయి రామనాథశాస్త్రిగారి వంటి నటగాయకుల కంఠము, వారి నాటకమును ఎన్నడును చూడని పల్లెలలో కూడ మారుమ్రోగినది. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనము విజయనగరము దాటి, సభలకు పోజాలని స్త్రీల వంటయిండ్లకు సైతము చేరినది.

ఇచ్చట ఒక విషయము గమనింపదగును. అంతకుపూర్వము ఏ పాట వినవలెనో నిర్ణయించువారు జమీందారులు, ధర్మకర్తలు, ఉత్సవ నిర్వాహకులు. గ్రామఫోను వచ్చిన పిమ్మట ఆ నిర్ణయము సామాన్య గృహస్థుని చేతికి వచ్చెను. కాని ఆ గృహస్థునకు ధనము తక్కువ. ఊరికి ఒకటి రెండు పెట్టెలు మాత్రమే ఉండెడివి. నెలకొక్క ప్లేటు కొనుటయే గొప్ప. అందుచేత కొనబోవు ముందు నలుగురిని అడుగుట ఆచారమైనది. అంగడివాడు అన్నిటిని మెచ్చుకొనును. మిత్రుడు ఒక్కదానినే చేతికిచ్చి, దానిని ఏల వినవలెనో చెప్పును. ఏ వైపు ముందు పెట్టవలెనో, ఏ చోట చెవి నిలుపవలెనో కూడ చెప్పును. కీ త్రిప్పువాడొకడు, వైపు మార్చినప్పుడెల్ల క్రొత్త ముల్లు బిగించువాడొకడు, చాపపై చుట్టును కూర్చున్న పిల్లలు, గడపవద్ద నిలిచి వినెడి ఇరుగుపొరుగు ఇల్లాండ్రు — ఇదియే నాటి సంగీతసభ. రసమును గుర్తించువానిని మన అలంకారికులు సహృదయుడనిరి. ఆ చాపలపై కూర్చున్నవారిలో ఎందఱో సహృదయులు తయారైరి.

ఈ నోటిమాట యెంత బలమైనదో తెలుపుటకు ఒక్క ఉదాహరణము చాలును. శంకరంబాడి సుందరాచారిగారు 1942లో తెలుగుతల్లిని గూర్చి ఒక గీతమును చలనచిత్రము కొరకు వ్రాసిరి. ఆ చిత్రములో దానికి చోటు దొరకలేదు. టంగుటూరి సూర్యకుమారిగారు దానిని రికార్డుపై పాడిరి. సినిమా ప్రకటనల అండలేని ఆ పాట ఇంటినుండి ఇంటికి, బడినుండి బడికి ప్రాకి, తుదకు ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైనది. సూర్యకుమారిగారు తరువాత విదేశములలో నాటకరంగమున కీర్తి గడించి, 2005లో లండనులో కన్నుమూసిరి. నేడు ఈ దీవిలో మన సమాజపు సభ ప్రారంభమున ఆ గీతము పాడునప్పుడు, దానిని ఒకప్పుడు నిలబెట్టినవారు పేరులేని శ్రోతలేయని మనము స్మరింపవలెను.

ఆ కాలముననే సినిమాతో సంబంధము లేని లలితగీతములు కూడ రికార్డులపై వెలసినవి. సాలూరి రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు పాడిన పాటలు యువజనుల పెదవులపై నాట్యమాడినవి. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపమును, కుంతీకుమారిని పాడగా, ఆ ఖండికలను పుస్తకమున చదువని వారికి కూడ అవి కంఠస్థమైనవి. కవిత్వము పండితుని బీరువానుండి పామరుని పెదవికి వచ్చుటలో ఆ రికార్డులకు గల భాగము సామాన్యమైనది కాదు. ఘంటసాలవారి భగవద్గీత 1974లో ఆయన నిర్యాణానంతరము వెలువడి, నేటికిని ఇంటింట వినబడుచున్నది.

1948లో అమెరికాలో లాంగ్‌ప్లే రికార్డు వెలసినది. అది నిమిషమునకు 33 చుట్లకు కొంచెము హెచ్చుగా తిరుగును. ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా వినవచ్చును. లక్కకు బదులు వినైల్ వచ్చుటచే తేలికయైనది, సులభముగా పగులదు. 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతము ఈ రూపముననే వెలువడి, తెలుగువారి ప్రాతఃకాలమునే మార్చివేసినది. అటుపిమ్మట 1980 ప్రాంతమున తిరుమల తిరుపతి దేవస్థానమువారి ప్రోత్సాహముతో ఆమె పాడిన బాలాజీ పంచరత్నమాల అయిదు రికార్డులుగా వచ్చెను. అన్నమాచార్యులవారి కీర్తనలు రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయములోని ఒక అఱలో శతాబ్దముల తరబడి ఉండిపోయినవని మన మెఱుగుదుము. రాగిరేకు చెడలేదు, అక్షరము చెఱగలేదు. అయినను వినువారు లేక పాట మూగవోయినది. పరిశోధకులు రేకులను చదివిరి, విద్వాంసులు స్వరపరచిరి, శ్రోతలు ఒకరికొకరు వినిపించుకొనిరి. అప్పుడు గదా అన్నమయ్య తిరిగి మన యిండ్లకు వచ్చినాడు!

ఇక మన దీవుల సంగతి. విశాఖపట్టణమునుండి ఈ రేవునకు సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రము కలదు. 2024లో శ్రీవిజయపురముగా నామాంతరము పొందిన పోర్టు బ్లెయిరుకు మనలో చాలమంది పూర్వులు ఓడపైననే వచ్చిరి. శ్రీకాకుళము, విశాఖ మండలములనుండి వచ్చిన శ్రమజీవులతోను, బదిలీలపై వచ్చిన ఉద్యోగులతోను ఇచ్చటి తెలుగు పెరిగినది. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులందలి ప్రజలలో దాదాపు 13 శాతము మాతృభాష తెలుగు. 1963లో ఇచ్చట ఆకాశవాణి కేంద్రము నెలకొన్నది. అంతకుపూర్వము మాతృభాషలో పాట వినగోరువారికి దిక్కు దూరదేశపు రేడియోలు, ఓడపై వచ్చువారి పెట్టెలు. సెలవుపై పోయి వచ్చినవానిని, ఏమి తెచ్చితివని అడుగుటలో ఆవకాయతో పాటు పాట కూడ చేరియుండెడిది. తరువాత క్యాసెట్టు వచ్చుటతో ఆ బరువు తగ్గి, అరచేతిలో పట్టు పెట్టెలో పది పాటలు సముద్రము దాటినవి.

ఇచ్చట నా స్వవిషయమును కొంచెము చెప్పుటకు అనుమతింప వేడెదను. విజయనగర ప్రాంతమునకు చెందిన మా తండ్రిగారి వద్ద నలువదికి పైగా లక్క రికార్డులుండెడివి. ఆయన వానిని ప్రాణముగా చూచుకొనెను. 1986లో నాకు ఈ దీవులకు బదిలీ అయినప్పుడు, ఆ పెట్టె బరువును, ఓడ ప్రయాణమును తలచి నేను దానిని ఇంటి అటకపై భద్రముగా పెట్టించి వచ్చితిని. భద్రమని నేననుకొంటిని. ఒక తుపానులో పైకప్పు కారి పెట్టెలో నీరు నిలిచినది. ఒకదానిపై నొకటి పడుకోబెట్టిన ప్లేట్లు వంకరలై పగిలినవి. నేను సెలవుపై పోవుసరికి అవి నల్లని పెంకులు. మా తండ్రిగారు అప్పటికి లేరు.

పరహస్తగతమైన పుస్తకము తిరిగి రాదని పెద్దల మాట. రికార్డు విషయమున కూడ మేమట్లే అనుకొనెడివారము. కాని కొన్ని యేండ్లకు మా తండ్రిగారి మిత్రుని కుమారుడు ఒక రికార్డును తెచ్చి నా చేతిలో పెట్టెను. ద్వారంవారి వాయులీనమది. మా తండ్రిగారు ఎప్పుడో ఆయన తండ్రికి వినుమని ఇచ్చినది. కాగితపు సంచిపై మా తండ్రిగారి దస్తూరిలో, రెండవ వైపు ముందుగా వినుడని పెన్సిలుతో వ్రాసియున్నది. దాచినవన్నియు పోయినవి, ఇచ్చినది ఒక్కటి మిగిలినది. దానితో పాటు ఆయన చేవ్రాతయు, ఆయన అభిరుచియు మిగిలినవి. దానిని నేను ఈ దీవికి తెచ్చుకొంటిని. ప్రోతరాపూర్‌లో పాత కీ పెట్టెగల ఒక వంగదేశీయుని యింట మే మిరువురము దానిని వింటిమి. రెండవ వైపే ముందుగా వింటిమి. మా భాష ఆయనకు రాదు. వాయులీనమునకు భాషతో పనిలేదు గదా! ప్రతిగా ఆయన పంకజ్ మల్లిక్ పాడిన రవీంద్రగీతపు రికార్డు నొకదానిని నా కిచ్చి, ఎచ్చట చెవి నిలుపవలెనో వేలెత్తి చూపెను.

సంవత్సరమునకు సుమారు మూడువేల మిల్లీమీటర్ల వాన కురియు ఈ దీవిలో రికార్డులకు, క్యాసెట్లకు బూజు పట్టుట సహజము. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో మన సమీపమున సిప్పీఘాట్ పల్లపు నేలలు ఉప్పునీటి పాలగుట మనము కన్నులార చూచితిమి. కావున ఎవరి యింటనైనను పాతవి మిగిలియున్నచో కొన్ని జాగ్రత్తలు అవసరము. ప్లేట్లను పడుకోబెట్టక నిలువుగా పెట్టవలెను. పొడి మెత్తని గుడ్డతో చుట్టుగీతల వెంబడి తుడువవలెను. లక్క రికార్డుకు స్పిరిటు ఎన్నడును తగులనీయరాదు. స్పిరిటులో లక్క కరగిపోవును. క్యాసెట్టును ఆఱునెలలకొకసారియైనను ఒక చివరనుండి మఱియొక చివరకు త్రిప్పి గాలి సోకనీయవలెను. వీలైనవారు వానిలోని పాటలను నేటి యంత్రములలోనికి ఎక్కించి, ఒక ప్రతిని మఱియొక ఊరిలోని బంధువునకు పంపవలెను.

నేడు లక్షల పాటలు చేతిలోని ఫోనులో ఉన్నవి. పాటకు కొదువ లేదు. ఇది వినుము, ఈ కారణముచేత వినుమని చెప్పు మనిషికే కొదువ వచ్చినది. మన పిల్లలు బడిలోను, బజారులోను హిందీ మాటాడుదురు. అందు తప్పేమియు లేదు. ఈ దీవుల సఖ్యతకు అది అవసరము. కాని తెలుగు పద్యమునకు చెవి అలవడవలెనన్నచో, ఎవరో ఒకరు వారి ప్రక్కన కూర్చుండి వినిపింపవలెను. యంత్రము తనంతట తాను పాటను తెచ్చును గాని, తాతగారి పెన్సిలు వ్రాతను తేజాలదు.

కావున సోదరులకు, సోదరీమణులకు నా మనవి యిది. ఈ సంచిక చదివి ముగించిన సాయంకాలము, మీకు ప్రియమైన ఒక్క పాటను ఎంచుకొనుడు. పొరుగింటివారిని పిలిచి వినిపింపుడు. అది మీకేల ఇష్టమో రెండు మాటలు చెప్పుడు. వీలైనచో కాగితముపై వ్రాసి యిండు. వారి పాటను మీరును వినుడు. మా తండ్రిగారి రికార్డును నేనిప్పుడు బీరువాలో పెట్టుకొనలేదు. అది ప్రస్తుతము ప్రోతరాపూర్‌లోనే మఱియొకరి యింట నున్నది.