సింగారవేలు రాతలు, మన గని కార్మికుల చదువు



మన సంఘంలో కేజీఎఫ్ మాట ఎత్తితే కొన్ని పేర్లు తప్పకుండా వస్తాయి. 1802లో సర్వేకి వచ్చి ఇక్కడి మట్టిలో బంగారం చూసిన లెఫ్టినెంట్ వారెన్, 1873లో లైసెన్సు కోరిన లవెల్లీ, 1880లో అడుగు పెట్టిన జాన్ టేలర్ కంపెనీ, 1902లో శివసముద్రం నుంచి వచ్చిన కరెంటు. ఇవన్నీ మనకు గర్వంగానే ఉంటాయి. అయితే మైళ్ల లోతుకి దిగి, ఆ వేడిలో రాయి కొట్టిన మనుషులు పైకి వచ్చాక ఏం చదివారు, ఎవరి మాట విన్నారు, ఏం ఆలోచించారు అన్నది మనం పెద్దగా మాట్లాడుకోలేదు. ఈసారి ఆ సంగతి రాద్దామనుకున్నాం. అది చెప్పాలంటే ముందు చెన్నపట్నంలో ఒక పెద్దమనిషి గురించి తెలుసుకోవాలి. ఆయన పేరు ఎం. సింగారవేలు చెట్టియార్.

సింగారవేలు గారు 1860 ఫిబ్రవరి 18న చెన్నపట్నంలో, సముద్రం ఒడ్డున చేపలు పట్టే కులంలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, తర్వాత లా పూర్తి చేసి, 1907లో హైకోర్టు వకీలయ్యారు. చేతిలో మంచి ప్రాక్టీసు, ఇంటి నిండా పుస్తకాలు. 1921లో సహాయ నిరాకరణ ఉద్యమంలో వకీలు గౌనుని తగలబెట్టి, ఇక కోర్టు గుమ్మం ఎక్కనని చెప్పేశారు. అప్పటికి ఆయన వయసు అరవై దాటింది. మనలో చాలామంది రిటైరై అరుగు మీద కూర్చునే వయసులో ఆయన అసలు పని మొదలైంది.

1922 గయ కాంగ్రెసులో ఆయన నేను కమ్యూనిస్టునని బాహాటంగా చెప్పుకుని, స్వరాజ్యమంటే కూలివాడి స్వరాజ్యం కూడా కావాలని వాదించారు. 1923 మే 1న చెన్నపట్నం సముద్రపు ఒడ్డున రెండు చోట్ల సభలు పెట్టారు. ఒకటి హైకోర్టుకి ఎదురుగా, రెండోది ట్రిప్లికేన్ బీచిలో. మన దేశంలో మొదటి మేడే అదే. ఆ రోజే 'లేబర్ కిసాన్ పార్టీ ఆఫ్ హిందుస్తాన్' అనే పార్టీ ప్రకటించారు. పార్టీతో పాటు రెండు పత్రికలు వచ్చాయి: ఇంగ్లీషులో 'లేబర్ కిసాన్ గెజెట్', తమిళంలో 'తొళిలాళన్', అంటే కార్మికుడు. ఒకటి చదువుకున్న వాళ్ల కోసం, ఇంకొకటి మిల్లులో, రైల్వేలో పని చేసేవాళ్ల కోసం. పార్టీ పెట్టిన రోజుల్లోనే పత్రిక కూడా పెట్టడం ఆయన పద్ధతిని చెబుతుంది. కార్మికుడికి ఉపన్యాసం చెప్పి పంపిస్తే సాయంత్రానికి మరిచిపోతాడు, కాగితం చేతిలో పెడితే ఇంకో పదిమందికి చదివి వినిపిస్తాడు.

1924 కాన్పూరు కుట్ర కేసులో ప్రభుత్వం ఆయన పేరు కూడా చేర్చింది. జబ్బు పడి ఉండడంతో ఆయన్ని ఆ కేసు విచారణకి తీసుకుపోలేదు. మరుసటి ఏడు, 1925 డిసెంబరులో, అదే కాన్పూరులో జరిగిన మొదటి కమ్యూనిస్టు మహాసభకి ఆయనే అధ్యక్షులు! ఆ అధ్యక్షోపన్యాసంలో ఒక మాట మన జిల్లా వాళ్లు ప్రత్యేకంగా గమనించాలి. అంటరానితనం మూలం భూమిలో, కూలిలో, అప్పులో ఉందని, ఆర్థిక బానిసత్వం పోకుండా గుడి తలుపులు తెరిచినంత మాత్రాన అది పోదని ఆయన వాదన.

ఆ మాట వెనక చెన్నపట్నం అనుభవం ఉంది. 1921లో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల్లో నెలల తరబడి సమ్మె జరిగింది. ఆది ద్రావిడ కార్మికులు పనిలోకి వెళ్లడం, మిగతావాళ్లు బయట ఉండడంతో సమ్మె కులాల కొట్లాటగా మారి, పులియంతోపులో ఇళ్లు తగలబడ్డాయి. కూలివాళ్లు కులం పేరుతో చీలితే లాభం ఎవరికో ఆ ఊరు కళ్లారా చూసింది. కోలారు గనుల్లో కూలీల్లో ఎక్కువమంది ఆ ఆది ద్రావిడ పల్లెల నుంచి వచ్చినవాళ్లే. అందుకే ఆ వాదన కేజీఎఫ్‌కి సూటిగా తగులుతుంది.

ఇక్కడ మన తెలుగువాళ్లు ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి. పాత కాగితాల్లో గని కూలీలు ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చారని రాసి ఉంటుంది. అది చదివి అందరూ తమిళులే అనుకుంటాం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాటులోనే ఉండేవి. కరువొస్తే పలమనేరు ఘాట్ ఎక్కి గనులకి నడిచిన కుటుంబాలు ఆ లెక్కల్లో ఉత్తర ఆర్కాటు వాళ్లుగానే పడ్డాయి. చుట్టూ కోలారు జిల్లా పల్లెల్లో తెలుగే ఇంటి భాష. లైన్లలో మాత్రం తమిళం రాజ్యమేలింది. మన తాతలు అక్కడ తమిళం నేర్చి, తమిళంలోనే పత్రిక విన్నారు.

ఆ పత్రిక ఏది? ఇక్కడే సింగారవేలు గారి కథ, మన గనుల కథ దగ్గరికి వస్తాయి. వకీలు కాకముందు నుంచే ఆయన బౌద్ధం వైపు మొగ్గారు. చెన్నపట్నం మహాబోధి సభలో ఆయనతో పాటు పనిచేసినవారు ప్రొఫెసర్ పోకల లక్ష్మీనరసు గారు. 1907లో 'ఎసెన్స్ ఆఫ్ బుద్ధిజం' రాసింది ఈయనే. 1948లో ఆ పుస్తకం మళ్లీ అచ్చయినప్పుడు అంబేడ్కర్ గారు ముందుమాట రాశారు. అదే ఊళ్లో, అదే కాలంలో అయోతి దాస్ పండితర్ గారు శాక్య బౌద్ధ సంఘం నడుపుతూ, 1907లో ఒక పైసా వెలతో 'తమిళన్' వారపత్రిక మొదలుపెట్టారు. ఈ ముగ్గురికీ అన్ని విషయాల్లోనూ పొత్తు కుదరలేదు. కులానికి బుద్ధి అనే ఆయుధంతోనే జవాబు చెప్పాలన్నది మాత్రం ముగ్గురి మాటా.

అయోతి దాస్ గారి సంఘానికి మారికుప్పంలో, ఛాంపియన్ రీఫ్స్‌లో శాఖలు వచ్చాయి. వాటిని నడిపింది గని కూలీలు, చిన్న గుమాస్తాలు, మేస్త్రీలు. 1914లో పండితర్ గారు పోయాక కొద్ది కాలానికే పత్రిక ఆగిపోయింది. దాన్ని 1926లో మళ్లీ బతికించింది ఎక్కడనుకున్నారు? మన కేజీఎఫ్‌లో! జి. అప్పాదురై గారు సంపాదకులుగా 'తమిళన్' గనుల ఊరి నుంచి వెలువడింది. పండితర్ గారి రచనలను పుస్తకాలుగా వేసిన సిద్ధార్థ పుస్తకశాల కూడా ఇక్కడిదే. కంపెనీ కట్టిచ్చిన ఇరుకు లైన్లలో ఉంటూ, షిఫ్టు దిగివచ్చి, ప్రెస్సు నడిపిన ఊరు మనది. చెన్నపట్నంలో వకీలు ఒకాయన కూలివాళ్ల కోసం పత్రిక పెడితే, ఇక్కడ కూలివాళ్ల మధ్యే పత్రిక పుట్టింది.

ఆ చదువు ఏం చేసిందో 1930లో తెలిసింది. బంగారం దొంగతనాలు, చెప్పకుండా పని మానేసి పోవడం అరికట్టాలని కంపెనీలు ప్రతి కూలివాడి వేలిముద్రలు తీసుకుంటామన్నాయి. ఆ రోజుల్లో వేలిముద్రలంటే పోలీసు స్టేషన్ గుర్తుకొచ్చేది. మేము దొంగలమా అని గనులన్నీ ఒక్కసారిగా పని ఆపేశాయి. ఏప్రిల్‌లో మొదలైన ఆ సమ్మె మూడు వారాలు సాగింది. బయటినుంచి వచ్చి నడిపిన పెద్ద నాయకుడు లేడు. గుర్తింపు పొందిన యూనియన్ లేదు. అయినా వేలిముద్రల ఉత్తర్వుని యాజమాన్యం వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ సమ్మె మొదలైంది కూలి డబ్బుల దగ్గర కాదు, మానం దగ్గర.

ఆ ఏప్రిల్‌లో సింగారవేలు గారు జైల్లో ఉన్నారు. 1928 సౌత్ ఇండియన్ రైల్వే సమ్మెలో ఆయనకి పదేళ్ల శిక్ష పడింది. అప్పీలులో తగ్గించాక 1930 ఆగస్టులో విడుదలయ్యారు. అప్పటికి డెబ్బై ఏళ్లు.

బయటికి వచ్చాక ఆయన ఎక్కువగా రాతలోనే గడిపారు. పెరియార్‌తో కలిసి 1932 చివర్లో ఈరోడ్ కార్యక్రమం తయారుచేశారు. 'కుడి అరసు' పత్రికలో ఏళ్ల తరబడి వ్యాసాలు రాశారు. 1935లో 'పుదు ఉలగం', అంటే కొత్త లోకం, అనే పత్రిక తనే పెట్టారు. ఆ వ్యాసాల్లో సమ్మెలు, పార్టీలు మాత్రమే కనిపిస్తాయనుకుంటే పొరపాటు. నక్షత్రాలు, డార్విన్, జీవం పుట్టుక, దెయ్యాలు, శకునాలు, జాతకాలు అన్నీ ఉంటాయి. కార్మికుడికి జీతంతో పాటు సైన్సు కూడా అందాలని ఆయన పట్టుదల. తన కష్టం తలరాత అనుకునేవాడు సమ్మె చేయడు కదా! ఎనభై దాటినా కార్మికుల సభలకి వచ్చి మాట్లాడారు. 1946 ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

అదే 1946లో, నవంబరు 4న, కేజీఎఫ్‌లో సమ్మె చేస్తున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఈనాటికీ ఆ రోజు కార్మికులు వాళ్లని తలచుకుంటారు. అప్పటికి కె.ఎస్. వాసన్ గారు, వి.ఎం. గోవిందన్ గారి వంటి కమ్యూనిస్టు నాయకులు ఇక్కడ యూనియన్ కట్టి ఉన్నారు.

తర్వాత ఎన్నికలొచ్చాయి. కేజీఎఫ్ అప్పుడు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. 1952లో ఈ ఊరు ఒక కమ్యూనిస్టుని, కె.ఎస్. వాసన్ గారిని, ఒక షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ సభ్యుణ్ణి, పి.ఎం. స్వామిదురై గారిని, ఇద్దరినీ గెలిపించి పంపింది. 1957లోనూ అంతే: ఎం.సి. నరసింహన్ గారు కమ్యూనిస్టు, సి.ఎం. ఆరుముగం గారు ఫెడరేషన్. కూలి ముందా, కులం ముందా అని పెద్ద పెద్ద సభల్లో వాదించుకుంటుంటే, మన గని కార్మికుడు తన రెండు ఓట్లతో రెండూ కావాలని చెప్పాడు. సింగారవేలు గారు కాన్పూరులో కూలినీ కులాన్నీ ఒకే ముడిగా చూపించారు. అయోతి దాస్ గారి దారి ఆత్మగౌరవం దారి. ఆ రెండు దారులూ కేజీఎఫ్ ఓటు పెట్టెలో కలిశాయని మన నమ్మకం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. 2001లో గనులు మూతబడ్డాయి. 120 ఏళ్లలో దాదాపు 800 టన్నుల బంగారం పైకి వచ్చింది. ఆ బంగారం ఎటు పోయిందో మనకి తెలియదు, సైనైడ్ దిబ్బలు మాత్రం మనకి మిగిలాయి. పిల్లలు తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకి పోతున్నారు. వాళ్లు దిగే ఆఫీసుల్లో వేలు పెడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఆ వేలు కోసమే ఒకప్పుడు తమ తాతలు మూడు వారాలు పస్తులున్నారని వాళ్లకి ఎవరు చెబుతారు?

తమిళ కార్మికులు తమ మాటలు అచ్చులో పెట్టుకున్నారు కనుక ఈ రోజు వాళ్ల చరిత్ర చదవగలుగుతున్నాం. అదే గనిలో అదే షిఫ్టు చేసిన తెలుగు నాయనల మాటలు ఏ పత్రికలోకీ ఎక్కలేదు. అవి మన అవ్వల నోట్లో, తాతల దగ్గులో ఉండిపోయాయి. ఆ తరంలో మిగిలినవాళ్లు కొద్దిమందే.

కాబట్టి సభ్యులకి ఒకటే మనవి. మీ ఇంట్లో గనిలో పని చేసినవారు ఉంటే, ఏ గని, ఏ షాఫ్ట్, ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరు మేస్త్రీ, ఏ సమ్మెలో ఉన్నారు, రాత్రిళ్లు లైన్లో ఎవరు పత్రిక చదివి వినిపించేవారు, ఈ నాలుగు మాటలు అడిగి రాసిపెట్టండి. ఫోనులో రికార్డు చేసినా చాలు. పాత పాసులు, జీతం చీటీలు, యూనియన్ రసీదులు ఉంటే పారేయకండి, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. సింగారవేలు గారు అరవై దాటాక మొదలుపెట్టారు. మనకి ఇంకా ఆలస్యం కాలేదు.