ఆల్టర్నేటర్ (ఇంటి తయారీ)

ఇరుసును తిప్పే బలాన్ని ఏకాంతర విద్యుత్తుగా, అంటే ఏసీ కరెంటుగా మార్చే యంత్రం ఆల్టర్నేటర్. మన వైపు దీన్ని డైనమో అనడం అలవాటు. నిజమైన డైనమోకు కమ్యుటేటర్ ఉంటుంది, దాని నుంచి ఒకే దిక్కున పారే డీసీ వస్తుంది. సైకిలు చక్రానికి ఆనుకుని తిరిగే 6 వోల్టుల, 3 వాట్ల బుడ్డి పేరుకే డైనమో. అందులో అయస్కాంతం తిరుగుతుంది, తీగచుట్ట కదలదు, వచ్చేది ఏసీ. మన ఊళ్లలో ఎక్కువమంది చేత్తో పట్టుకుని చూసిన మొదటి ఆల్టర్నేటర్ అదే.

1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే దీనికి మూలం. మరుసటి ఏడాదే పారిస్‌లో హిప్పొలైట్ పిక్సీ చేత్తో తిప్పే యంత్రం తయారుచేశాడు. పల్నాడు జిల్లాలో నాగార్జునసాగర్ కుడి కాలువ మీద ఉన్న 30 మెగావాట్ల యంత్రాలు మూడూ ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. తేడా అంతా పరిమాణంలోనే.

ఇక మన వైపు సంగతి. పల్నాడు జిల్లా యడ్లపాడు మండలంలోని కొండవీడు ఒకప్పటి రెడ్డిరాజుల రాజధాని. చుట్టూ పత్తి, మిరప పండే నేల. అటు నరసరావుపేట, ఇటు చిలకలూరిపేట. ఈ ప్రాంతంలో వ్యవసాయ మోటార్లు కాలిపోవడం, వాటిని మళ్లీ చుట్టించుకోవడం మామూలే. ఆల్టర్నేటర్ తయారీకి కావలసిన అసలు నైపుణ్యం ఆ వైండింగు షాపుల్లోనే ఉంది. రాగి తీగ గేజి, చుట్ల లెక్క, వార్నిషు పట్టించడం తెలిసిన పనివాడికి ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది అయస్కాంతాల అమరిక ఒక్కటే.

ఇంట్లో చేయడానికి అనువైనది తీగచుట్టల్లో ఇనుప కోర్ లేని పళ్లెం రకం. స్కాట్లాండ్‌లో గాలిమరలు చేసే హ్యూ పిగట్ ఈ పద్ధతిని ప్రపంచమంతటా పరిచయం చేశాడు. రెండు ఉక్కు పళ్లేల మీద నియోడిమియం అయస్కాంతాలను ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చేలా అంటిస్తారు. పళ్లేలను ఎదురెదురుగా పెట్టినప్పుడు ఉత్తరానికి దక్షిణం ఎదురు రావాలి. ఆ రెంటి నడుమ, రెజిన్‌లో పోతపోసిన కాయిళ్ల (తీగచుట్టల) పలక కదలకుండా ఉంటుంది. పళ్లేనికి 12 అయస్కాంతాలైతే పలకలో 9 కాయిళ్లు. ఒకటి, నాలుగు, ఏడు కలిస్తే ఒక ఫేజు. మిగతావీ అలాగే.

లెక్క సులువు. ధ్రువాల సంఖ్యను నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 120తో భాగిస్తే ఫ్రీక్వెన్సీ వస్తుంది. 12 ధ్రువాలు 300 చుట్ల వేగంతో తిరిగితే 30 హెర్ట్జ్. అయస్కాంతం ముఖం 46×30 మిల్లీమీటర్లు, సందులో క్షేత్రం 0.6 టెస్లా అనుకుంటే, 80 చుట్ల కాయిల్‌కు సుమారు 8.8 వోల్టులు, ఫేజుకు 26 వోల్టులు. చేతికి వచ్చేది ఇంతకన్నా కొంత తక్కువే. ఆరు డయోడ్లతో దాన్ని డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కిస్తారు.

పని చెడేది ఎక్కువగా కాయిళ్ల కలుపు దగ్గరే. తొమ్మిదింటినీ ఒకే వైపుకు చుట్టి, తీగ మొదలుకూ చివరకూ గుర్తు పెట్టుకోవాలి. ఫేజులోని మూడింటిలో ఒక్కటి తిరగబడినా ఆ ఫేజు వోల్టేజి మూడో వంతుకు పడిపోతుంది. రెజిన్ గట్టిపడ్డాక దాన్ని సరిదిద్దడం కుదరదు కాబట్టి, పోత పోయకముందే మీటరు పెట్టి చూడాలి.

వేడి మరో సమస్య. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోతుంది. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఉన్న జిల్లా ఇది. వేసవిలో గాలే 45 డిగ్రీలుంటే, కాయిళ్లు వేడెక్కడానికి మిగిలే జాగా కొంచెమే. సన్న తీగ వాడి రాగి ఆదా చేయబోతే నష్టమే.

తిప్పే బలం ఎక్కడిదన్నది తరువాతి ప్రశ్న. రాష్ట్రంలో పెద్ద గాలిమరల క్షేత్రాలు అనంతపురం, కర్నూలు వైపు ఉన్నాయి. కొండవీటి కొండ మీద స్తంభం పాతే ఆలోచన మాత్రం వద్దు, అది చారిత్రక కోట ఉన్న చోటు. నేర్చుకోవడానికి పెడలు చాలు. ఆరోగ్యవంతుడు ఆగకుండా తొక్కితే 75 వాట్ల దాకా వస్తుంది.

పెద్ద అయస్కాంతాలు రెండు దగ్గరైతే మధ్యలో పడ్డ వేలు నలిగిపోతుంది. పళ్లేలను బోల్టుల మీద మెల్లగా దించాలి తప్ప చేత్తో పట్టి కలపకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు వీటి దగ్గరికి రాకూడదు. తయారైన కరెంటును ఇంటి మెయిన్‌కు ఎన్నడూ కలపవద్దు. సరఫరా ఆగినప్పుడు అది ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి పారి, అక్కడ పైకి పెరిగి హైటెన్షన్ తీగలకు ఎక్కుతుంది. ఆ సమయంలో స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు.