తెల్ల రక్తకణాలు, ఆసుపత్రి అంటురోగాలు: చరిత్ర

రోగి ఆసుపత్రిలో చేరి 48 గంటలు దాటాక బయటపడే అంటురోగాన్ని సాధారణంగా అక్కడ సోకినదిగా లెక్కిస్తారు. ఆపరేషన్ గాయం, సెలైన్ ఎక్కించే గొట్టం, మూత్రనాళంలో పెట్టిన క్యాథెటర్, వెంటిలేటర్ గొట్టం దానికి మామూలు దారులు. స్టెఫైలోకాకస్ ఆరియస్, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, ఎసినిటోబాక్టర్ తరచుగా కనిపించే బాక్టీరియా. వీటిని ముందుగా ఎదుర్కొనేవి తెల్ల రక్తకణాల్లో అధిక సంఖ్యలో ఉండే న్యూట్రోఫిళ్లు. ఎముక మజ్జలో ఇవి రోజుకు దాదాపు పదివేల కోట్లు తయారవుతాయి. పుండులో పట్టే చీములో ఎక్కువ భాగం చచ్చిన న్యూట్రోఫిళ్లే.

రక్తంలోని రంగులేని కణాలను 18వ శతాబ్దంలోనే ఇంగ్లండులో విలియం హ్యూసన్ వర్ణించాడు. 1867లో జర్మనీ వైద్యుడు జూలియస్ కాన్‌హైమ్, వాపు వచ్చిన చోట అవి రక్తనాళం గోడ దాటి బయటికి రావడం చూపాడు. ఎందుకు వస్తున్నాయన్నది మాత్రం తేలలేదు. వాటి లోపల బాక్టీరియా కనిపించినప్పుడు, రోగాన్ని ఒళ్లంతా మోసుకు తిరిగేవి ఈ కణాలేనని పలువురు వైద్యులు భావించారు.

ఈ అభిప్రాయాన్ని తలకిందులు చేసినవాడు వైద్యుడు కాదు, జంతుశాస్త్రజ్ఞుడు. ఖార్కివ్ సమీపంలో 1845లో పుట్టిన ఇల్యా మెచ్నికాఫ్, 1882లో ఒడెస్సా విశ్వవిద్యాలయంలో కొలువు వదులుకుని, కుటుంబంతో ఇటలీలోని మెస్సినా చేరాడు. ఒకరోజు ఇంటిల్లిపాదీ కోతుల ఆట చూడటానికి సర్కస్‌కు వెళ్లగా, ఆయన ఒక్కడే సూక్ష్మదర్శిని ముందు కూర్చుని నక్షత్రచేప పిల్లల్లో కదిలే కణాలను పరిశీలిస్తున్నాడు. ఒంట్లోకి చొరబడిన దాన్ని ఈ కణాలు అడ్డుకుంటాయేమో అన్న ఆలోచన అప్పుడే తట్టింది. తోటలోని గులాబీ ముళ్లు తెచ్చి, అద్దంలా పారదర్శకంగా ఉండే ఆ పిల్లల చర్మం కింద గుచ్చాడు. తెల్లవారి చూస్తే ముళ్ల చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1883లో మెస్సినా వచ్చిన పేరొందిన జర్మన్ వైద్యుడు రుడోల్ఫ్ విర్ఖోవ్ ఈ ప్రయోగం చూసి ప్రోత్సహించాడు, వైద్యలోకం ఇందుకు పూర్తిగా విరుద్ధంగా నమ్ముతోందని హెచ్చరించాడు కూడా. ఈ కణాలకు ‘ఫాగోసైట్లు’ అనే పేరు వియన్నాలో జంతుశాస్త్రజ్ఞుడు కార్ల్ క్లాస్ సూచించాడు. తెలుగులో వీటిని భక్షక కణాలంటారు. 1884లో మెచ్నికాఫ్ నీటి ఈగ డాఫ్నియాపై చేసిన అందమైన పరిశీలన ప్రచురించాడు. ఆహారంతోపాటు మింగిన సూదిలాంటి శిలీంధ్ర బీజాలను రక్తకణాలు చుట్టుముట్టి అరిగిస్తే ఈగ బతికేది, వాటి చేత కాకపోతే చచ్చేది.

1888లో ఆయన పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో చేరాడు. రక్షణ కణాలది కాదు, రక్తద్రవానిదని జర్మన్ శాస్త్రజ్ఞులు వాదించారు. 1890లో బేరింగ్, కిటసాటో రక్తద్రవంలో విషనిరోధకాలను కనిపెట్టడంతో వారి వాదానికి బలం పెరిగింది. ఈ తగవుకు లండన్‌లో ఆల్మ్‌రాత్ రైట్, స్టూవర్ట్ డగ్లస్ 1903లో ఒక విధంగా రాజీ కుదిర్చారు: రక్తద్రవంలోని పదార్థాలు బాక్టీరియాకు అంటుకున్నాకే కణాలు వాటిని బాగా మింగుతాయి. 1908లో నోబెల్ బహుమతిని మెచ్నికాఫ్, ద్రవవాదుల పక్షాన నిలిచిన పాల్ ఎర్లిక్ పంచుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో రైట్ ప్రయోగశాలలో పనిచేసిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, గాయాల్లో పోసే కార్బాలిక్ ఆమ్లం వంటి మందులు బాక్టీరియాకన్నా తెల్లకణాలనే ఎక్కువగా చంపుతున్నాయని చూపాడు. ఆసుపత్రి చికిత్సే ఈ కణాలకు అడ్డు తగలవచ్చని తేల్చిన తొలి పరిశోధనల్లో ఇదొకటి.

బాక్టీరియాను మింగేటప్పుడు కణం ఆక్సిజన్‌ను ఒక్కసారిగా ఎక్కువగా వాడుకుంటుందని 1933లో గమనించారు. దాని అర్థం 1960ల్లో తెలిసింది. ఆ ఆక్సిజన్‌తో న్యూట్రోఫిల్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, దాని ద్వారా బ్లీచింగ్ ద్రావణంలో ఉండే హైపోక్లోరస్ ఆమ్లాన్నే తన లోపలి అరలో తయారుచేస్తుంది. ఈ శక్తి పుట్టుకతోనే లేని పిల్లల్లో కణాలు స్టెఫైలోకాకస్‌ను మింగినా చంపలేకపోతున్నాయని 1967లో పాల్ క్వీ బృందం చూపింది.

1957లో లండన్‌లో ఎలెక్, కోనెన్ ఒక ప్రయోగం చేశారు. ఆరోగ్యవంతుడి చర్మంలో చీము పట్టించడానికి పది లక్షలకు పైబడి స్టెఫైలోకాకస్‌లు కావలసి వస్తే, పట్టు కుట్టుదారం ఉన్నచోట కొన్ని వందలే సరిపోయాయి. పరాయి వస్తువు పక్కన భక్షక కణాలు చురుకు తగ్గుతాయని, దానిపై పొరగా పేరుకున్న బాక్టీరియాను మింగలేవని తర్వాత తేలింది. మందులూ ఈ చిక్కు పూర్తిగా తీర్చలేదు: 1961లో ఇంగ్లండులో యాంటీబయాటిక్ మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ కనబడింది.

కణాల సంఖ్య విలువ క్యాన్సర్ వార్డుల్లో తెలిసివచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో లెడర్లే సంస్థ తయారుచేసిన మందు అమినోప్టెరిన్‌తో, పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగా తగ్గిందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించాడు. అలాంటి మందులు మజ్జనూ అణచేస్తాయి. మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిళ్లు 1,000 కంటె తగ్గేకొద్దీ, ఆ స్థితి ఎక్కువ రోజులు సాగేకొద్దీ అంటురోగాలు పెరుగుతాయని 1966లో జెరాల్డ్ బోడే బృందం లెక్క తేల్చింది. మజ్జను పురిగొల్పే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 1991లో అనుమతి వచ్చింది.

2004లో బెర్లిన్ పరిశోధకులు న్యూట్రోఫిళ్లు తమ డీఎన్ఏనే వలలా విసిరి బాక్టీరియాను పట్టడం చూశారు. స్టెఫైలోకాకస్ ఆరియస్ దగ్గర ఆ వలను కోసే ఎంజైము ఉంది.