డేట్ స్క్వేర్

ఓట్స్ పొడిపిండి పొరల నడుమ ఉడికించిన ఖర్జూరపు గుజ్జు పెట్టి, ఓవెన్‌లో కాల్చి, చదరపు ముక్కలుగా కోసే కెనడా మిఠాయి. ఆ దేశపు పశ్చిమ రాష్ట్రాల్లో దీన్ని మ్యాట్రిమోనియల్ కేక్ అంటారు. ఖర్జూరం అక్కడ పండదు, ఎండినదాన్ని దిగుమతి చేసుకుంటారు. ఓట్స్ మాత్రం సొంత పంట. సస్కాచెవాన్, మానిటోబా, ఆల్బర్టా మైదానాల్లో విస్తారంగా పండుతాయి. సరుకులన్నీ నిలవ ఉండేవే కాబట్టి తాజా పండ్లు కరువయ్యే చలికాలంలోనూ చేసుకోవచ్చు.

గింజ తీసిన ఖర్జూరాలు 2 కప్పులు, నీళ్లు 1 కప్పు, కాస్త నిమ్మరసం సన్నసెగ మీద కలుపుతూ ఉడికించాలి. గరిటెతో గీస్తే గిన్నె అడుగు క్షణంపాటు కనబడేంత చిక్కబడాలి. గుజ్జు పలచనైతే అడుగుపొర నానిపోతుంది; ఈ వంటకంలో అసలు మెలకువ ఇదే. ఒకటిన్నర కప్పుల ఓట్స్, అంతే మైదా, కప్పు బ్రౌన్ షుగర్, అర చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు కలిపి, ముప్పావు కప్పు చల్లని వెన్నను వేళ్లతో నలిపి పట్టించాలి. రేకుల్లా ఉండే మామూలు ఓట్స్ మేలు, ఇన్‌స్టంట్ రకం మెత్తబడిపోతుంది. సగానికి పైగా పిండిని 8 లేక 9 అంగుళాల చదరపు పాత్రలో గట్టిగా అదిమి, గుజ్జు పరిచి, మిగతాది పైన వదులుగా చల్లుతారు. దాదాపు 175 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30–35 నిమిషాలకు పైపొర బంగారు రంగుకు వస్తుంది.

వేడిమీద కోస్తే ముక్క పొడిగా రాలిపోతుంది. పూర్తిగా చల్లారనిచ్చి కోయాలి. మర్నాటికి రుచి ఇంకా బాగుంటుంది.