వెనిస్ వీధుల్లో మన వల్లూరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, ముందు నేను కట్టిన వంతెనల గురించి రాద్దామనుకున్నాను. కానీ కొంతకాలంగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. అది అడిగింది మా ఆవిడ. అడిగిన చోటు ఇటలీలోని వెనిస్.

మా పెళ్లయి 25 ఏళ్లు నిండిన సందర్భంగా చేసిన ప్రయాణంలో ఆ ఊరికి ఒక్క రోజే మిగిలింది. పక్కనున్న మెస్త్రేలో బస చేసి, పొద్దున్నే రైల్లో సాంతా లూచియా స్టేషనుకు చేరాం. మెట్లు దిగితే ఎదురుగా రోడ్డు లేదు, పెద్ద కాలువ ఉంది. పాత ఊళ్లో కార్లు, స్కూటర్లు తిరగవు. పడవెక్కాలి, లేదా నడవాలి. మేం నడిచాం.

సివిల్ ఇంజనీరుకు ఆ ఊరు ఒక పాఠశాల. వందకు పైగా చిన్న చిన్న దీవుల మీద కట్టిన ఊరది. మెత్తటి బురదలో కొయ్య దుంగలు దగ్గర దగ్గరగా దిగగొట్టి, వాటిమీద పలకలు, రాళ్లు పరిచి మేడలు లేపారు. బురదలో గాలి ఆడదు కాబట్టి కొయ్య త్వరగా కుళ్లదు. వందల ఏళ్లుగా ఆ దుంగలే ఊరిని మోస్తున్నాయి. 1591లో పూర్తయిన రియాల్తో వంతెన ఒకే రాతి కమానుతో పెద్ద కాలువను దాటుతుంది. దానికింద అరగంట నిలబడితే మా ఆవిడకు విసుగొచ్చింది.

వంతెనకు దగ్గర్లోనే, ఇరుకు సందుల్లో నాలుగైదుసార్లు దారి తప్పి, ఒక చిన్న పెరడు లాంటి చోటుకు చేరాం. మార్కోపోలో కుటుంబం ఇల్లు అక్కడే ఉండేదట. ఆ ఇల్లిప్పుడు లేదు. అయినా ఆ ప్రాంతానికి ఆయన పుస్తకం పేరుతో 'మిలియోన్' అని పేరుంది. గోడకు ఒక రాతి ఫలకం ఉంది.

నాకు తెలిసింది చెప్పాను. మార్కోపోలో 1271లో ఇల్లు విడిచి చైనా దాకా పోయి, 1295లో తిరిగొచ్చాడు. 1298 ప్రాంతంలో జెనోవా చెరసాలలో ఉండగా తోటి ఖైదీతో తన కథ రాయించాడు. అందులో మోటుపల్లి రాజ్యం గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి, అక్కడ ఏలిన ఒక రాణి గురించి ఉంది. ఆ రాణి మన కాకతి రుద్రమదేవే అని చరిత్రకారులు చాలామంది అంటారు.

మా ఆవిడ ఫలకం వైపు చూస్తూ, "అయితే ఆ కాలంలో మన వల్లూరులో ఏముండెనండీ?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

అక్కడినుంచి సాన్ మార్కో చౌకు దాకా నేను పెద్దగా మాట్లాడలేదు. చౌకులోని గంట గోపురం 1902లో కుప్పకూలితే, 1912 నాటికి అదే చోట, అదే రూపంలో మళ్లీ కట్టారు. దాని నీడలో కూర్చున్నప్పుడు మన బడిలో సోషల్ చెప్పిన అయ్యవారు గుర్తొచ్చారు. ఒకరోజు రోమ్ పాఠం మధ్యలో ఆపి, "రేయ్, మీరు కూర్చున్నది మామూలు ఊరు కాదురా, ఒకప్పటి రాజధాని" అన్నారు. మేం నవ్వాం. రాజధాని అంటే మాకు హైదరాబాదే. ఆయన ఇంకేదో చెప్పబోయేలోగా గంట కొట్టారు. అది పరీక్షలో వచ్చేది కాదు గనుక మేమెవరమూ మళ్లీ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

ఇంటికొచ్చాక పుస్తకాలు తిరగేశాను. అయ్యవారు చెప్పింది నిజమే. కాకతి గణపతిదేవుడి కాలంలో కాయస్థ వంశీకుడైన గంగయసాహిణి పానుగల్లు నుంచి మన మార్జవాడి దాకా సామంతుడుగా ఏలాడు. ఆయన తర్వాత మేనల్లుళ్లు జన్నిగదేవుడు, త్రిపురారిదేవుడు, అంబదేవుడు వరుసగా వచ్చారు. వాళ్ల రాజధాని వల్లూరు పట్టణం. అంబదేవుడు రుద్రమదేవి మీద తిరగబడి స్వతంత్రుడయ్యాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన విజయాలన్నీ చెక్కించుకున్నాడు. రుద్రమ మరణాన్ని తెలిపే చందుపట్ల శాసనం 1289 నాటిది. అంబదేవుడితో యుద్ధంలోనే ఆమె కన్నుమూసిందని పలువురి అభిప్రాయం. అంటే వెనిస్ యాత్రికుడు ఎవరి రాజ్యం గురించి చెప్పాడో, ఆ రాజ్యాన్ని అదే రోజుల్లో ఎదిరించిన ఊరు మనది. అది గొప్పా కాదా అన్నది వేరే మాట. చరిత్ర మాత్రం మనదే.

ఆ ఎండాకాలం మేమిద్దరం బడి గేటు దగ్గర బయలుదేరి పుష్పగిరికి నడిచాం. పెన్న ఇసుకలో చెప్పులు చేతపట్టుకుని దాటి, కొండమీద చెన్నకేశవుడి గుడి గోడల చుట్టూ తిరిగాం. చిన్నప్పుడు తిరునాళ్లకు వచ్చి బొరుగులు తిన్నానే గానీ, ఆ గోడల మీది కిరాతార్జునీయం శిల్పాలను నిలబడి చూసింది అదే మొదటిసారి. కాయస్థుల కాలంలో ఇక్కడ గోళకీ శైవ మఠం ఉండేదని మా ఆవిడకు చెప్పాను. "ఇప్పుడు చెప్పినారు జవాబు" అంది.

వెనిస్‌లో లేని ఇంటికి కూడా ఫలకం ఉంది. మన అంబదేవుడి గురించి చదవాలంటే త్రిపురాంతకం దాకా పోవాలి. అందుకే ఈ స్వర్ణోత్సవం నాడు సంఘాన్ని అడిగేది ఒకటే. మన బడి గేటు పక్కన నాలుగు వాక్యాల రాతి ఫలకం ఒకటి నిలబెడదాం. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను ఒకరోజు పుష్పగిరికి తీసుకుపోదాం. రాయి ఖర్చు, పునాది పని నావి. ఆ నాలుగు వాక్యాల్లో తప్పులు దిద్దే పని మాత్రం మన తెలుగు అయ్యవార్లదే.