నింగి నుండి చూచు కన్ను

అనంత చతుర్దశి నాడు సరూర్‌నగర్ చెరువుగట్టున నిలిచినవానికి ముందున్న మనిషి వీపు తప్ప మరేమియు కనిపించదు. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుండియు, ఎల్.బి.నగర్ వైపు నుండియు విగ్రహములతో లారీలు బారులు తీరి వచ్చుచుండును. డప్పుల మ్రోత చెవులు పగులునట్లు వినవచ్చును. కాని జనము ఎంత దూరము వ్యాపించినదో, బారు ఎచ్చట ఆగినదో అతనికి తెలియదు. చైతన్యపురిలో తన యింట టెలివిజను ముందు కూర్చున్న ముసలమ్మకు మాత్రము తెలియును. చెరువును, క్రేనులను, విజయవాడ రహదారిని, దానిపై సాగిపోవు మెట్రో వంతెనను ఆమె ఒక్క చూపులో చూడగలదు. ఆమెకు ఆ చూపు నందించునది నాలుగు మరరెక్కలు గల చిన్న యంత్రము. దానినే డ్రోను అందురు.

ఈ చూపు ఒక్కనాడు లభించినది కాదు. దీని చరిత్రలో మానవునకు మూడు చిక్కులు వరుసగా ఎదురైనవి. కన్నును పైకెత్తుట మొదటిది. ఆ కన్ను చూచినదానిని తక్షణమే క్రిందికి చేర్చుట రెండవది. క్రిందనున్న జనమునకు కీడు కలుగకుండ కాపాడుట మూడవది.

కన్ను పైకెక్కుట

1858లో నాదార్ అను ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు పారిస్ నగర సమీపమున బెలూను నెక్కి నేలను ఫొటో తీసెను. ఆనాటి గాజుపలకలను తడి ఆరకముందే కడుగవలసియుండెను. అందుచే ఆయన బెలూను తొట్టిలోనే చీకటిగది నేర్పరచుకొనెను. బెలూను నుండి వెలువడు వాయువు పలకలను పాడుచేయుటచే తొలి ప్రయత్నములు విఫలమైనవి. 1908లో నాయ్‌బ్రోనర్ అను జర్మను ఔషధ వ్యాపారి పావురముల రొమ్మునకు చిన్న కెమేరాలను కట్టి ఎగురవేసెను. పావురము మోయగలిగినది డెబ్బదియైదు గ్రాములు మాత్రమే. పైకెక్కు కన్ను తేలికగా ఉండవలెనను పాఠము నాడే తెలిసినది.

చూపు క్రిందికి దిగుట

ఫొటోను మరునాడైనను చూడవచ్చును. ప్రత్యక్ష ప్రసారమునకు అంత ఓపిక లేదు. కెమేరాతోపాటు రేడియో ప్రేషక యంత్రము కూడ పైకెక్కవలెను. 1958 జూలైలో అమెరికాలోని లాస్ ఏంజెలిసులో జాన్ సిల్వా అను ఇంజనీరు హెలికాప్టరు నుండి టెలివిజను చిత్రములను ప్రసారము చేయించెను. ఇందుకొరకు సుమారు రెండువేల పౌనుల సామగ్రిని నాలుగువందల పౌనుల లోపునకు తగ్గింపవలసివచ్చెను.

హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23న ప్రారంభమైనది. నేడది దిల్‌సుఖ్‌నగరునకు చేరువనే రామాంతపూర్‌లో ఉన్నది. ఆ దినములలో ఉత్సవములను బయటినుండి ప్రసారము చేయవలెనన్న బండి నిండ యంత్రములు వలసియుండెను. ఎత్తు నుండి చూపవలెనన్న కెమేరాను మేడపైకో మంచెపైకో ఎక్కించుట సులభమైన మార్గము. హెలికాప్టరు ఖర్చు సామాన్యమైనది కాదు.

డ్రోను ఈ లెక్కను తారుమారు చేసినది. దాని నాలుగు మరరెక్కలలో రెండు సవ్యముగను, రెండు అపసవ్యముగను తిరుగును. అందుచే యంత్రము తనచుట్టు తాను గిరగిర తిరుగక నిలకడగా నుండును. ఏ రెక్క వేగము ఎంత ఉండవలెనో అందలి చిన్న కంప్యూటరు క్షణమునకు వందల పర్యాయములు సరిచూచుచుండును. కెమేరాను పట్టియుండు చట్రము యంత్రపు ఊగిసలాటను చిత్రమునకు అంటనీయదు. 2014లో రష్యాలోని సోచిలో జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడల ప్రసారములో డ్రోనులు పాల్గొనినవి.

ముసలమ్మ చూచు దృశ్యము నడచివచ్చిన బాట విచిత్రమైనది. చెరువుపై నూరు మీటర్ల ఎత్తున పుట్టిన చిత్రము రేడియో తరంగములపై నేలకు దిగును. అచ్చటినుండి ప్రసారకేంద్రమునకు చేరి, సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునగల ఉపగ్రహమునకు ఎక్కి, మరల భూమికి దిగును. ఈ ఎక్కిదిగుటకే పావు సెకను పట్టును. గట్టుకు కూతవేటు దూరమున ఉన్న యింటికి చేరుట కింత ప్రయాణము!

జనసమ్మర్దమే ఈ బాటకు అడ్డంకి. పెక్కు డ్రోనులు వాడు 2.4 గిగాహెర్ట్జుల తరంగములనే ఇండ్లలోని వైఫై పరికరములును వాడును. వేలమంది ఒక్కచోట చేరి సెల్‌ఫోనులు తెరచినప్పుడు, ఫోను మార్గమున చిత్రములను పంపుటయు కష్టమగును. అందుకే ప్రసారకులు పలు సిమ్ కార్డులు గల పరికరముతో చిత్రమును ముక్కలుగా విభజించి వేర్వేరు మార్గములలో పంపుదురు. మేడలు, మెట్రో వంతెన అడ్డమైనచోట సంకేతము సన్నగిల్లును. కావున నడపువాడు డ్రోను తన కంటికి కనబడుచోట నిలువవలెను.

క్రిందనున్నవారు

2015 డిసెంబరు 22న ఇటలీలో జరిగిన మంచుజారు పందెములో మార్సెల్ హిర్షర్ అను ఆస్ట్రియా ఆటగాని వెనుక, కొద్ది అడుగుల దూరమున, కెమేరాతోనున్న డ్రోను ఒకటి కుప్పకూలినది. ఒక్క క్షణము ముందు పడినచో అతని తలపైననే పడెడిది. ముప్పది మీటర్ల ఎత్తు నుండి రాలిన వస్తువు, గాలి నిరోధమును లెక్కింపనిచో, సుమారు రెండున్నర సెకనులలో నేలను తాకును. అప్పటి వేగము గంటకు ఎనుబదియేడు కిలోమీటర్లు. తప్పుకొనుటకు చోటులేని గుంపులో అది ఎవరిపైన పడునో చెప్పనక్కరలేదు.

భారత ప్రభుత్వము 2014 అక్టోబరులో పౌరులు డ్రోనులు ఎగురవేయుటను నిలిపివేసినది. 2018 డిసెంబరు 1 నుండి నిబంధనలతో అనుమతించినది. 2021 ఫిబ్రవరిలో ఆ యేటి క్రికెట్ పోటీలను డ్రోనులతో ప్రత్యక్షముగా చిత్రించుటకు క్రికెట్ నియంత్రణ మండలికి షరతులపై అనుమతి లభించినది. అదే సంవత్సరము ఆగస్టు 25న వెలువడిన డ్రోను నియమములు ఆకాశమును ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు మండలములుగా విభజించినవి. ఆకుపచ్చ మండలమున 400 అడుగుల వరకు ఎగురుటకు ముందు అనుమతి అక్కరలేదు. అవసరమైనప్పుడు ఒక ప్రాంతమును 96 గంటలకు మించకుండ తాత్కాలికముగ ఎరుపు మండలముగ ప్రకటించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు.

నియమము కాగితముపై ఉండును. జనము నేలపై ఉందురు. తెలివిగల చోదకుడు గుంపు నడినెత్తిన గాక, చెరువునీటిపైననో ఖాళీ జాగాపైననో డ్రోనును నిలిపి, కెమేరాను ప్రక్కకు వంచి జనమును చూపును. బ్యాటరీ అడుగంటకమునుపే దింపును. దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహముల కిటికీలవైపునకు, మేడలపై బట్టలారవేయు స్త్రీలవైపునకు కెమేరాను త్రిప్పడు.

నాదార్ తొట్టిలో ప్రమాదమునకు లోనైనవాడు నాదారే. హెలికాప్టరులోను మనిషి స్వయముగ కూర్చుండెను. డ్రోనుతో చోదకుడు నేలపై క్షేమముగ నున్నాడు. అపాయము చూడబడువారి తలపైకి మారినది. మొదటి రెండు చిక్కులను యంత్రము విప్పినది. మూడవదానిని విప్పవలసినది దానిని నడపు చేతులే.